విశ్వవిద్యాలయ గ్రంథాలయమును ప్రజలును : ఇస్లాపూరు సరిహద్దునుండి ఒక చారిత్రక పరిశీలనము

1956వ సంవత్సరపు రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టములో మా ఇస్లాపూరు పేరు ప్రత్యేకముగా వ్రాయబడియున్నది. హైదరాబాదు రాష్ట్రమునుండి నూతన బొంబాయి రాష్ట్రమునకు చేర్పబడిన భూభాగములను లెక్కించుచు చట్టకర్తలు ఔరంగాబాదు, పర్భణీ, ఉస్మానాబాదు మున్నగు జిల్లాలను, బీదరు జిల్లాలోని మూడు తాలూకాలను, నాందేడు జిల్లాను పేర్కొని, పిదప ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్టు, రాజూరా తాలూకాలతోపాటు బోథ్ తాలూకాలోని ఇస్లాపూరు సర్కిలును వేరుగా చెప్పిరి. నాందేడు జిల్లాలోని ముధోలు, భైంసా, కుభీరు సర్కిళ్లును, దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కలు సర్కిళ్లును తెలుగువైపున నిలిచినవి. 1956 నవంబరు 1వ తేదీన ఈ మార్పు అమలులోనికి వచ్చెను. 1960 మే 1వ తేదీన మహారాష్ట్రము ఏర్పడుటతో మేము మహారాష్ట్రీయులమైతిమి.

ఈ విభజనమునుగూర్చి వ్రాసినవారు జనసంఖ్యలను, భాషల నిష్పత్తిని, నదుల యెల్లలను విచారించిరి. అది యుక్తమే. కాని ఒక సర్కిలు ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు మారినపుడు, అచటి ప్రజలకు కచేరీయు పోలీసుఠాణాయు మాత్రమే మారవు, విశ్వవిద్యాలయమును మారును. విశ్వవిద్యాలయముతో దాని గ్రంథాలయమును, ఆ గ్రంథాలయములో జరుగు సభల భాషయు మారును. ఈ మూడవ మార్పును ఎవరును లెక్కకు తెచ్చినట్లు నాకు కానరాలేదు. మహారాష్ట్రములో అల్పసంఖ్యాక భాషగా తెలుగును బోధించు వృత్తిలోనున్న నాకు ఆ లెక్క ప్రతిదినము ఎదురగుచున్నది కావున ఈ వ్యాసమును వ్రాయ సాహసించితిని.

గ్రంథాలయమనగా పుస్తకముల బీరువాలును, నిశ్శబ్దముగా చదువుకొను బల్లలును మాత్రమే యని తలచువారు నేటికిని కలరు. విశ్వవిద్యాలయ గ్రంథాలయ విషయములో ఈ భ్రమ మరింత గట్టిది. అది విద్యార్థులకును ఆచార్యులకును చెందిన కోట యనియు, నగరములోని వర్తకునకుగాని పల్లెలోని రైతునకుగాని అందు పనియే లేదనియు భావింతురు. వాస్తవమునకు గ్రంథాలయములో ఒక శాస్త్రవేత్త వచ్చి ప్రయోగములు చేసి చూపుట, ఆ విషయముపైనున్న గ్రంథములను బల్లలపై పరచి ప్రదర్శించుట, ఒక కవిని పిలిచి మాట్లాడించుట, ప్రాచీన తాళపత్రములను ప్రజలకు దగ్గరగా చూపుట – ఇవన్నియు గ్రంథాలయ ధర్మములే. పుస్తకమును వెదకుకొని పాఠకుడు రాని యెడల పాఠకునికి పుస్తకముపై ఆసక్తి కలుగునట్లు చేయు బాధ్యత గ్రంథాలయముదే యను భావము, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పదవి స్వీకరించిన గణితాచార్యుడు ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో అంతర్లీనమై యున్నది.

అయితే మన దేశములో ఈ కథ విశ్వవిద్యాలయముతో ఆరంభము కాలేదు. ఇతర దేశములలో తొలుత విశ్వవిద్యాలయమును, తరువాత దాని తలుపులు ప్రజలకు తెరచుటయు జరిగినవి. హైదరాబాదు రాజ్యములోని తెలుగువారు మొదట తామే గ్రంథాలయములను స్థాపించుకొని, వానిలో సభలు జరుపుకొని, శాస్త్రగ్రంథములను తామే అచ్చువేసికొనిరి. విశ్వవిద్యాలయము ఆ పిమ్మట వచ్చినది. వచ్చినదియు తెలుగున రాలేదు.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు, కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు దాని స్థాపకులలో ముఖ్యులు. వీరిలో లక్ష్మణరావుగారి జీవితము మావంటి సరిహద్దువారికి ప్రత్యేకముగా ఆదరణీయము. ఆయన 1877లో పెనుగంచిప్రోలులో జన్మించినను, చదువుకొన్నది నాగపురములో, సోదరి భండారు అచ్చమాంబగారి యింట. మరాఠీని ఆయన పరభాషగా ఎన్నడును చూడలేదు. ఆ భాషలో వ్రాయగలిగినంత పాండిత్యము సంపాదించెను. మహారాష్ట్రులు చరిత్రపరిశోధనమునందును, శాస్త్రవిషయములను దేశభాషలో వ్రాయుటయందును చూపుచుండిన పట్టుదలను ఆయన కన్నులార చూచెను. తెలుగులో అట్టి కృషి లేకపోవుట ఆయనను బాధించి యుండును. 1906లో ఆయన హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించుటకు ఆ నాగపుర విద్యాభ్యాసమే మూలమని చెప్పుట అతిశయోక్తి కాదని నా నమ్మకము.

ఆ మండలి మొదటి ప్రచురణము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము. అటుపిమ్మట ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, మంత్రిప్రగడ సాంబశివరావుగారి పదార్థవిజ్ఞానశాస్త్రము, కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రము వెలువడినవి. కలరా రోగమునుగూర్చి లక్ష్మీపతిగారే ఒక పుస్తకమును వ్రాసిరి. ఈ చివరిదానిని సాహిత్యచరిత్రకారులు మాటమాత్రముగా ప్రస్తావించి విడిచిపెట్టుదురు. నాకు మాత్రము అన్నిటికంటె అదియే గొప్పదిగా తోచును. ఊళ్లకు ఊళ్లు తుడుచుకొని పోవుచుండిన ఆ కాలములో, అమ్మవారి ఆగ్రహమని భయపడు జనులకు త్రాగునీటినిగూర్చి వారి భాషలో చెప్పుటకంటె మించిన దేశసేవ ఏమి గలదు? అట్టి పుస్తకమును గ్రంథాలయములో నొకరు బిగ్గరగా చదువగా పదిమంది వినుటకు వీలుండెను. చదువ నేర్వనివారికిని శాస్త్రము చెవినబడుటకు మార్గమదియే. అట్టి పఠనమును నేను ప్రజావిజ్ఞానసభలలో చేర్చుచున్నాను; మొదటి వరుసలోనే చేర్చుచున్నాను.

1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికింద్రాబాదులో ఆంధ్రసంవర్ధినీ గ్రంథాలయమును స్థాపింపబడినవి. కృష్ణా గోదావరీ మండలములలో అయ్యంకి వేంకటరమణయ్యగారి కృషివలన 1914 ఏప్రిలులో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. 1919 నవంబరు 14వ తేదీన మద్రాసులో అఖిలభారత పౌరగ్రంథాలయ సభ సమావేశమయ్యెను. నేడు దేశమంతట గ్రంథాలయ వారోత్సవములు ఆ తేదీనే ఆరంభమగుచున్నవి. పాతూరి నాగభూషణముగారు 1935లో పడవపై పుస్తకములనుంచి కాలువవెంబడి పల్లెలకు పంపిన సంగతియు పాఠకులకు తెలిసినదే. ఆ భాగమును ఇంకను విస్తరింపను. బ్రిటిషు పాలనములోని ఆంధ్రులకు లేని యొక చిక్కు నిజాము రాజ్యములోని తెలుగువారికి కలదు. అది సభ జరుపుకొనుట. సభలకు ముందుగా అనుమతి పొందవలెనను 53వ గస్తీ ఉత్తరువు ఉద్యమచరిత్రలో ప్రసిద్ధము. రాజకీయసభకు చోటులేని తావున గ్రంథాలయ వార్షికోత్సవము, సాహిత్యోపన్యాసము, ఆరోగ్య ప్రదర్శనము – ఇవియే ప్రజలు ఒకచోట గూడుటకు మిగిలిన దారులు. తెలంగాణమున గ్రంథాలయము ఇంత బలమైన సంస్థగా ఎదుగుటకు ఇదియు నొక కారణము.

మహారాష్ట్రమున ఉపన్యాసపరంపరల ఆచారము మనకంటె పాతది. న్యాయమూర్తి మహాదేవ గోవింద రానడే 1875లో పుణెలో ఆరంభించిన వసంత వ్యాఖ్యానమాల యిప్పటికిని ప్రఖ్యాతి వహించియున్నది. వేసవి సాయంకాలములందు నగరవాసులు వచ్చి చరిత్రమును, అర్థశాస్త్రమును, విజ్ఞానమును వినిపోవుట ఆ నగరమున నొక వ్రతమువంటిదయ్యెను. ఇచట నొక భాషావిషయమును చెప్పక తప్పదు. మరాఠీలో వ్యాఖ్యానమనగా మన ఉపన్యాసము. మన ఉపన్యాసము హిందీలో నవల. ఆ నవల మరాఠీలో కాదంబరి. మరాఠీవారి శిక్షణ మనకు బోధనము. మన శిక్ష వినిన హిందీ బాలుడు చదువనుకొనును, తెలుగు బాలుడు బెత్తమనుకొనును. ఒకే సంస్కృతపదము మూడు భాషల ఇండ్లలో మూడు వేషములు ధరించును. ఇది తరగతిలో నవ్వు పుట్టించు సంగతియే గాని, శాస్త్రపాఠమునందు ఇట్టిదే యొకటి నవ్వులాట కాక నిలుచును. దానిని ముందు చెప్పెదను.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆరంభమయ్యెను. దేశభాషలో ఉన్నతవిద్య నొసగుట దాని ఆశయము. ఉర్దూ దాని బోధనభాష. శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకై ఒక అనువాదశాఖను 1917లోనే నెలకొల్పిరి. గణితము, రసాయనము, వైద్యము, యంత్రశాస్త్రములకు వందలకొలది పరిభాషాపదములను వారు కల్పించిరి. ఈ కృషిని తెలుగువారు పలువురు నిందించిరి, నేను నిందింపను. దేశభాషలో ఆధునికశాస్త్రమును బోధింపలేమన్న అపవాదును అది తుడిచివేసెను. దాని లోపము వేరు. రాజ్యములో అత్యధికసంఖ్యాకులు తెలుగువారు, తరువాత మరాఠీవారు, కన్నడిగులు. వారి యిండ్లలో పలుకని భాషను దేశభాషయనుటయే ఆ లోపము. తెలుగుశాఖ అందు లేకపోలేదు. రాయప్రోలు సుబ్బారావుగారు అందు తెలుగాచార్యులుగా పనిచేసిరి. కాని అది తెలుగును బోధించు శాఖయేగాని తెలుగున శాస్త్రమును బోధించు శాఖ కాదు.

శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పుట్టిన 1901లోనే హైదరాబాదున నవాబు జఫర్‌జంగు తన దూరదర్శకయంత్రముతో నిజామియా వేధశాలకు అంకురార్పణ చేసెను. అది తరువాత బేగంపేటకు మారి, పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరినది. ఆకాశమంతటిని ఛాయాచిత్రములుగా తీయుటకు ప్రపంచములోని కొన్ని వేధశాలలు పంచుకొన్న మహాకార్యములో ఇదియు పాల్గొని, సుమారు 8 లక్షల నక్షత్రముల స్థానములను నిర్ణయించెను. ఇంతటి పని మన రాజ్యములో జరుగుచుండగా బోథ్ తాలూకా రైతు దానిని వినియుండునా? పంచాంగము చెప్పు బ్రాహ్మణునివలన నక్షత్రముల పేర్లు వినియుండును. ఆ నక్షత్రములనే తన రాజధానిలో లెక్కపెట్టుచున్నారని వినియుండడు. చెప్పువారికిని వినువారికిని నడుమ ఉండవలసిన సభ లేదు. 1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణఛాయ దక్కనును దాటిపోయినపుడు, ఉస్మానియావారి జాపాల్-రంగాపురము వేధశాలయొద్దకు దూరదేశములనుండి శాస్త్రవేత్తలు వచ్చి గ్రహణమును పరిశీలించిరి. పట్టణములలో జనులు తలుపులు మూసికొని యింట కూర్చుండిరి. ఆ లోటు అప్పటికిని తీరలేదన్నమాట.

ఇక 1921 నవంబరు మాసపు సంఘటనను కొంత విపులముగా చెప్పవలసియున్నది. హైదరాబాదులోని వివేకవర్ధినీ నాటకశాలలో నిజాము రాష్ట్ర సంఘసంస్కరణ సభ జరిగెను. అధ్యక్షుడు మహర్షి ధోండో కేశవ కర్వే. ఉపన్యాసములు ఆంగ్లములో, ఉర్దూలో, మరాఠీలో సాగినవి. 12వ తేదీన న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావుగారు ఒక తీర్మానముపై తెలుగున మాట్లాడ నారంభింపగా సభికులలో కొందరు చప్పట్లు చరచి, గేలిచేసి ఆయనను మాట్లాడనీయలేదు. తెలుగువారు లేచి వెలుపలికి వచ్చి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణముగా నిలిచిరి. ఈ కథను మన పుస్తకములు చెప్పునపుడు సామాన్యముగా ఇచటనే ఆగును. నేను మరియొక సంగతిని జోడింపగోరెదను. ఆ సభాధ్యక్షుడైన కర్వేగారు, అంతకు ఐదేండ్లకు పూర్వము, 1916లో స్త్రీలకై విశ్వవిద్యాలయమును స్థాపించి, దానిలో మాతృభాషను బోధనభాషగా నుంచినవారు. దేశభాషలో ఉన్నతవిద్య యను ఆశయమునందు ఉస్మానియాకంటె ముందు నడచినవారు. అట్టి మహనీయుడు వేదికపైనుండగనే ఒక దేశభాష సభలో మూగబోయినది. కాబట్టి ఇందలి దోషము మరాఠీవారి దుర్బుద్ధిలో వెదకుట పొరపాటు. ఎవని భాషలో సభ జరుగునో వాడు ఇతరుని భాష అచట లేదను సంగతిని గమనింపడు. నేడు హైదరాబాదులో తెలుగువారమైన మనమును, అచటి మరాఠీ విద్యార్థినిగూర్చి అట్లే గమనింపకుండుట లేదా?

ఆ సంఘము చేసిన పనులలో గ్రంథాలయ స్థాపనము మొదటిది. 1923లో లక్ష్మణరావుగారు మరణింపగా ఆయన పేరిట లక్ష్మణరాయ పరిశోధకమండలి యేర్పడి, ఆదిరాజు వీరభద్రరావుగారి శ్రమవలన తెలంగాణా శాసనములు 1935లో సంపుటముగా వెలువడినవి. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక ఆరంభమయ్యెను. లక్ష్మణరావుగారి ఆంధ్రవిజ్ఞానసర్వస్వము మూడు సంపుటములతో ఆగిపోగా, ఇంచుమించు ఆ కాలముననే ఆరంభింపబడిన శ్రీధర వ్యంకటేశ కేత్కరుగారి మహారాష్ట్రీయ జ్ఞానకోశము 23 సంపుటములుగా పూర్తియైనది. ఈ రెండింటిని ప్రక్క ప్రక్కన నుంచి చూచినపుడెల్ల నాకు అసూయ కలుగును. మనకు ప్రతిభ తక్కువ గాదు; అచట చందాదారులు నిలిచిరి.

1948 సెప్టెంబరు తరువాత ఉస్మానియాలో ఉర్దూస్థానమున ఆంగ్లము వచ్చెను. 1952 మొదలు 1957 వరకు దానికి ఉపాధ్యక్షులు సూరి భగవంతముగారు. ఆగిరిపల్లిలో బుట్టి, హైదరాబాదులో చదివి, చంద్రశేఖర వేంకటరామనునికి శిష్యుడై, రామను ఫలితమును విస్తరించి పరిశోధించిన తెలుగు భౌతికశాస్త్రజ్ఞుడాయన. 1955లో హైదరాబాదు పౌరగ్రంథాలయ చట్టము వచ్చెను. అనగా మాతృభాషాభిమానులు అర్ధశతాబ్దము శ్రమించి కోరుకొన్న ప్రజాగ్రంథాలయ చట్టము వచ్చిన మరుసటి యేడు, ఒక తెలుగు శాస్త్రవేత్త విశ్వవిద్యాలయపీఠముపై నున్న దినములలో, ఇస్లాపూరు ఆ రాజ్యమునుండి వేరైనది. పంట కళ్లమునకు వచ్చువేళ పొలము చేయి మారినట్లయినది.

మారినచోట ఏమియు లేదని చెప్పుట అన్యాయమగును. నాందేడులో 1950లోనే పీపుల్స్ కళాశాల స్థాపింపబడెను. 1958 ఆగస్టు 23వ తేదీన ఔరంగాబాదులో మరాఠ్వాడా విశ్వవిద్యాలయము ఆరంభమయ్యెను. 1994 సెప్టెంబరు 17వ తేదీన, హైదరాబాదు విమోచన దినముననే, నాందేడులో స్వామి రామానందతీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయము వెలసెను. ఆ పేరు మాకు పరాయిది కాదు. కన్నడదేశమున జన్మించి, మరాఠీ ప్రాంతమున ఉపాధ్యాయుడై, హైదరాబాదు స్టేటు కాంగ్రెసుకు నాయకుడై, తెలుగు మరాఠీ కన్నడ యువకులను ఒక్క పోరాటములో నడపిన సన్యాసి ఆయన. 1972లో హైదరాబాదులో దేహము చాలించెను. మూడు భాషలవారి నాయకుని పేరుగల విశ్వవిద్యాలయమునుండి మూడు భాషల సభలను కోరుట దురాశ కాదు గదా.

పీపుల్స్ కళాశాలలో ఆచార్యుడును, తరువాత ప్రధానాచార్యుడును అయిన నరహర కురుందకరుగారిని ఇచట స్మరింపవలెను. ఆయన హైదరాబాదులో చదువుకొన్నవారు. ఉస్మానియాలో మరాఠీ ఆచార్యుడైన నాందాపూర్కరు ఆయనకు మేనమామ. నాట్యశాస్త్రమునుండి రాజ్యాంగమువరకు ఏ విషయమునైనను సామాన్యజనులయెదుట నిలిచి విప్పిచెప్పుట ఆయనకు వెన్నతో బెట్టిన విద్య. 1982 ఫిబ్రవరి 10వ తేదీన ఔరంగాబాదులో ఒక సభావేదికపైననే ప్రాణము విడిచెను. విశ్వవిద్యాలయ జ్ఞానమును ఊరి రచ్చవరకు మోసికొనిపోవుట యెట్లో మరాఠ్వాడాకు నేర్పినవారిలో ఆయన అగ్రగణ్యుడు. తెలుగువైపున వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకములను స్వయముగా ఊరూర త్రిప్పి అమ్మిరి. ఒకరు మాటను మోసిరి, ఒకరు పుస్తకమును మోసిరి.

ఇరుప్రక్కల గ్రంథాలయ చట్టములలోని భేదమును మనవారు గుర్తింపవలెను. ఆంధ్రప్రదేశమున 1960 చట్టమువలన గ్రంథాలయములకు పన్ను వసూలు చేయబడి, జిల్లా సంస్థలద్వారా శాఖలు నడచినవి. తెలంగాణమునకును ఆ పద్ధతియే సంక్రమించినది. మహారాష్ట్రములో 1967 చట్టమున పన్ను లేదు. ప్రజలు సంఘముగా గూడి వాచనాలయమును నడపుదురు. గుర్తింపు పొందినదానికి తరగతినిబట్టి ప్రభుత్వము సహాయధనము నిచ్చును. మొదటి పద్ధతిలో ప్రభుత్వము ముందు, ప్రజలు వెనుక. రెండవదానిలో ప్రజలు ముందు నడువవలెను. 1901 నాటి మన పెద్దల మార్గమునకు ఈ రెండవదియే దగ్గర. దీనిని మహారాష్ట్రములోని తెలుగుసంఘములు తగినంతగా వినియోగించుకొనలేదని నా అభిప్రాయము. మనము వార్షికోత్సవములకును, దండలకును చేయు వ్యయములో నాల్గవపాలు పుస్తకములకు చేసియుండిన బాగుండెడిది.

ఇప్పుడు విశ్వవిద్యాలయ గ్రంథాలయములలోను, కళాశాల గ్రంథాలయములలోను సంవత్సరమున జరుగు సభల తేదీలను చూడుడు. ఫిబ్రవరి 27 మరాఠీ భాషాగౌరవదినము, కవి కుసుమాగ్రజుని జన్మదినము. మరునాడు 28 జాతీయ విజ్ఞానదినము. 1928లో అదే తేదీన రామను తన ఫలితమును ప్రకటించెను. 1987 నుండి దేశమంతట దానిని జరుపుచున్నారు. ఆగస్టు 12 రంగనాథను జన్మదినము, గ్రంథాలయాధికారుల దినము. అక్టోబరు 15 అబ్దుల్ కలాము జన్మదినము, మహారాష్ట్రమున పఠనప్రేరణదినము. ఫిబ్రవరి చివరి రెండు దినముల జోడింపు నాకెంతయు నచ్చినది. ఒకనాడు భాష, మరునాడు విజ్ఞానము. మొదటినాడు కవిత చదివిన బల్లపైననే రెండవనాడు పట్టకమును, అద్దమును పెట్టుదురు. ఈ రెండును వేరువేరు లోకములు కావని బాలునకు చెప్పకయే తెలియును.

అయితే ఆ బల్లచుట్టు నిలిచినవారిలో తెలుగు బాలుడుండిన వానికేమి తెలియును? ఇందాక వాయిదా వేసిన సంగతిని ఇపుడు చెప్పెదను. రామను కనుగొన్నది కాంతి చెదరుటలోని విశేషము. తెలుగు పాఠ్యపుస్తకములలో దీనిని కాంతి పరిక్షేపణమందురు. మహారాష్ట్ర పాఠ్యపుస్తకములో అది ప్రకాశ వికిరణము. తెలుగున వికిరణమనగా వేడియో కాంతియో ఒక వస్తువునుండి వెలువడుట. అది వేరు విషయము. కాంతి ఒక మాధ్యమమునుండి మరియొకదానిలోనికి పోవునపుడు వంగుట మనకు వక్రీభవనము, వారికి అపవర్తనము. అద్దమునుండి తిరిగివచ్చుట మాత్రము ఇరువురకును పరావర్తనమే. ఇంటిలో తెలుగు, పాఠశాలలో రెండు భాషలు, కళాశాలలో మరాఠీ, పరీక్షకు ఆంగ్లము – ఇట్టి బాలుడు విజ్ఞానదినమున ముందువరుసలో నిలిచి, వికిరణమను మాటను విని, తెలిసిన మాటయే గదా యని తలయూపును. తెలియని మాటయైన అడిగి తెలిసికొనును. తెలిసినదనుకొన్న మాటను అడుగడు. ఆ తలయూపు చూచి ఉపన్యాసకుడు ముందునకు సాగును. బుద్ధిమంతులైన పిల్లలు శాస్త్రమున వెనుకబడి, భాష రాక కాదు, రెండు భాషలు వచ్చుటచేతనే వెనుకబడి, చివరకు శాస్త్రమునే మానివేయుటను నేను చూచుచున్నాను. వారిని మందబుద్ధులని ఇరుభాషల ఉపాధ్యాయులును తలచుదురు. నష్టము జరుగుచున్నదిచటనే, 1956 నాటి గీత భూమిపైగాక తలలో గీయబడుచున్నదిచటనే.

రామను స్వయముగా తమిళుడైనను బాల్యమున విశాఖపట్టణములో చదివి, పదునొకండవ యేటనే ప్రవేశపరీక్ష అచటనే నెగ్గెను. తండ్రి అచటి కళాశాలలో అధ్యాపకుడు. మాతృభాష వేరైన ఊరిలో పెరుగుట విజ్ఞానమునకు అడ్డు కాదనుటకు ఇంతకంటె ఉదాహరణము అక్కరలేదు. కాని ఆ బాలునకు ఇంటిలో తండ్రి గ్రంథములుండెను. మా పిల్లలకు ఆ స్థానమున ఉండవలసినది గ్రంథాలయమే.

ఇస్లాపూరు ప్రాంతమున ఈ ప్రశ్న తెలుగువారితో ముగియదు. కిన్వట్టు తాలూకా అడవులలో గోండులు, కోలాములు, ప్రధానులు నివసించుచున్నారు. మన వ్యాసములలో వీరిని మరచుట అలవాటైనది. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో హైమండార్ఫ్ పర్యవేక్షణమున గోండు ఉపాధ్యాయుల శిక్షణాలయము ఆరంభమై, గోండీ వాచకములు నాగరిలిపిలో సిద్ధమైనవి. అప్పటికి ఇస్లాపూరు ఆ జిల్లాలోనిదే. హైదరాబాదు ప్రభుత్వాధికారియైన సేతుమాధవరావు పగడీ గోండీ, కోలామీ భాషలకు వ్యాకరణములు వ్రాసిరి. మరాఠీలో ఆయన గొప్ప చరిత్రకారుడు. ఎమెనో పండితుడు 1955లో కోలామీపై గ్రంథమును ప్రకటించెను. ఉస్మానియాలో భద్రిరాజు కృష్ణమూర్తిగారు ద్రావిడభాషాపరిశోధనమునకు కేంద్రమును నిర్మించిరి. తెలుగున నీరు, ఏరు అను రెండు మాటలున్నవి. కోలామీలో ఈర్ అనగా నీరు, గోండీలో ఏర్ అనగా నీరు. పెన్‌గంగపై సహస్రకుండ జలపాతము మా ఊరికి సమీపమున దుముకుచున్నది. దాని యొడ్డున ఈ మాటలన్నియు ఒక్కనాడే వినవచ్చును. నీటిశాస్త్రముపై ఒక సభను ఏర్పరచి, ఆ నీటి పేర్లను అన్ని భాషలలో నల్లబల్లపై వ్రాసి, తరువాత ఆ నీటి బలము, దాని మట్టి, దాని చేపలనుగూర్చి మాట్లాడిన యెడల అది విజ్ఞానసభయా, సంస్కృతిసభయా యని ఎవరు విడదీయగలరు?

ఆగస్టు 29వ తేదీ తెలుగు భాషాదినము, గిడుగు వేంకట రామమూర్తిగారి జన్మదినము. వ్యావహారికభాషావాదిగా ఆయనను మనము పూజించుచున్నాము. ఆయనయు సరిహద్దు ఊరివాడే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, చుట్టుప్రక్కల కొండలలోని సవరల భాషను నేర్చి, దానికి వాచకములు, నిఘంటువు, వ్యాకరణము కూర్చి, సవరలకు బడులు పెట్టించెను. 1936లో పర్లాకిమిడి ఒడిషాలో చేరగా ఆయన రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. మహారాష్ట్రములో మనము ఆ దినమును జరుపునపుడు పద్యములు, దండలు, ఉపన్యాసములే యుండును. సవరల పనిని చెప్పుట అరుదు. ఇచట చెప్పవలసినది ముఖ్యముగా ఆ పనియే.

కోరవలసినవి పెద్దవి కావు. విశ్వవిద్యాలయ గ్రంథాలయమున తెలుగు శాస్త్రగ్రంథములకు ఒక బీరువా. 1968 నుండి తెలుగు అకాడమి ప్రచురించిన కళాశాలా పుస్తకములతోను, ఖండవల్లి లక్ష్మీరంజనముగారి సంపాదకత్వమున వెలువడిన సంగ్రహాంధ్ర విజ్ఞానకోశముతోను అది సగము నిండును. విజ్ఞానదినమున మరాఠీ ఉపన్యాసము ముగిసిన పిదప తెలుగున పావుగంట సారాంశము. 1966 నుండి పనిచేయుచున్న మరాఠీ విజ్ఞాన పరిషత్తువంటి సంస్థలతో మన తెలుగుసంఘములు పరిచయము చేసికొనుట. బోథ్, ఆదిలాబాదులనుండి తెలుగున శాస్త్రము చెప్పగల అధ్యాపకులను పిలుచుట. ముద్ఖేడు-ఆదిలాబాదు రైలుమార్గము ఈ సీమ మీదుగనే పోవుచున్నది. వీనిలో ఏదియు ప్రభుత్వమువారి ఉత్తరువుకొరకు నిలువవలసినది కాదు.

అన్నిటికంటె ముందు కావలసినది ఒక పదపట్టిక. తెలుగు, మరాఠీ, ఆంగ్లము – మూడు నిలువు గడులు. నాల్గవ గడిలో ప్రమాదసూచన. పరావర్తనమువంటి మాటలకు ఆ గడి ఖాళీగా నుండును. వికిరణమువంటివాని యెదుట ఎఱ్ఱసిరాతో గుర్తు. ఎనిమిదవ తరగతి మొదలు పదవ తరగతివరకు ఉన్న విజ్ఞానపాఠములనుండి ఇట్టి మాటలను పిల్లలచేతనే ఏరించుచున్నాను. భౌతికశాస్త్రము చాలవరకు ముగిసినది. రసాయనము సగములో నున్నది. జీవశాస్త్రమున చెట్లపేర్లవద్ద గోండు బాలురు మా యందరికంటె ఎక్కువ చెప్పుచున్నందున ఐదవ గడిని గీయవలసివచ్చినది.